రెండుగా కనబడే చూపుకు అతికించే ప్రిజం: చెన్నైలో మా అక్కయ్య వాడిన ఫ్రెనెల్ షీటు

కళ్ళద్దాలకు అతికించే ఫ్రెనెల్ ప్రిజం షీటు జబ్బును తగ్గించే వస్తువు కాదు. ఎదుటి మనిషి ఇద్దరుగా కనబడే వారికి, వెలుగును పక్కకు వంచి, నేరుగా చూసినంత సేపూ ఒక్కరుగా కనబడేలా చేసే పలుచని ప్లాస్టిక్ రేకు మాత్రమే. ఆ పరిమితి తెలిసి కొనుక్కుంటే బాగా అక్కరకు వస్తుంది. తెలియక కొంటే డబ్బు దండగ అనిపిస్తుంది.

మా అక్కయ్యకు ముఖానికి స్పర్శనిచ్చే నరం మీద ష్వానోమా అనే కణితి పెరిగింది. అది క్యాన్సర్ కాదు గాని, పుర్రె అడుగున ఇరుకు చోట పెరగడం వల్ల పక్కగా సాగే ఆరవ కపాల నరాన్ని నొక్కింది. కంటిని బయటి వైపుకు తిప్పే కండరాన్ని నడిపేది ఆ నరమే కనుక ఆమె కుడి కన్ను ముక్కు వైపుకు జరిగిపోయింది. దూరపు వస్తువులు పక్కపక్కన రెండుగా కనబడేవి, కుడి వైపు చూస్తే వాటి మధ్య ఎడం ఇంకా పెరిగేది, చేతిలోని పుస్తకం మాత్రం ఒక్కటిగానే ఉండేది. అందుకే ఆమె ముఖాన్ని కుడి వైపు తిప్పుకొని చూడడం అలవాటు చేసుకుంది. మెడనొప్పి వస్తే బంధువులు వాతమన్నారు!

కణితికి రేడియేషన్ చికిత్స జరిగాక, నరం ఎంతవరకు కోలుకుంటుందో తేలే వరకు కండరానికి ఆపరేషన్ చేయరు. కొలతలు కనీసం ఆరు నెలల పాటు నిలకడగా ఉండాలని చూస్తారు. ఆ మధ్యకాలానికే ఈ షీటు. దీని శక్తిని ప్రిజం డయాప్టర్లలో కొలుస్తారు. ఒక ప్రిజం డయాప్టర్ అంటే మీటరు దూరంలో బొమ్మ ఒక సెంటీమీటరు పక్కకు జరగడం. అక్కయ్యకు అవసరమైనది 20. అంత శక్తిని మామూలు అద్దంలోనే మలిస్తే ఒక అంచు మోయలేనంత మందమవుతుంది. ఫ్రెనెల్ షీటులో ఆ మందాన్ని సన్నని గాట్ల వరుసలుగా విడగొడతారు కనుక రేకు సుమారు ఒక మిల్లీమీటరే ఉంటుంది. ఓడలకు దారి చూపే దీపస్తంభాల కోసం ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ (1788–1827) రూపొందించిన కటకాల సూత్రమే ఇది.

నుంగంబాక్కం వైపు ఒక ఆప్టికల్స్ షాపులో వేయించాము. అక్కయ్యకు దగ్గరి చూపు ఒక్కటిగానే ఉన్నందున కుడి అద్దం పై సగానికే షీటు కత్తిరించి పెట్టమని డాక్టరుగారు చీటీలో రాశారు. షాపువారు మొదట దాన్ని అద్దం బయటి వైపు అతికించారు, లోపల గాలి బుడగలు కూడా మిగిలాయి. నెల్లూరు నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న కుర్రాడు, “ఉండండమ్మా, మళ్ళీ వేసిస్తాను” అని దాన్ని ఊడదీసి, నీళ్ళలో ముంచి, నునుపు వైపు అద్దానికి, గాట్ల వైపు కంటికి వచ్చేలా లోపలి వైపున అంటించాడు. ప్రతి గాటులోని మందం వైపు చెవి దిక్కున ఉండాలన్నది అతడు చీటీ చూసి మరీ సరిచూసుకున్నాడు. అతని పనితనానికి పూర్తి మార్కులు, షాపుకు సగమే.

వాడకంలో మేలు వెంటనే తెలిసింది. ముఖం తిప్పకుండానే టీవీ చూడగలిగింది, బస్సు బోర్డు మీది అంకెలు ఒకే వరుసలో నిలిచాయి. అయితే కుడి పక్కకు కళ్ళు తిప్పితే మళ్ళీ రెండే, ఎందుకంటే కన్ను తిరగలేని మేర చూపు దిక్కును బట్టి మారుతుంది, షీటు శక్తి మాత్రం మారదు. పైగా ఆ కంటికి చిన్న అక్షరాలు కాస్త మసకబారతాయి, రాత్రి దీపాల చుట్టూ రంగుల అంచులు వస్తాయి. మెట్లు దిగేటప్పుడు షీటు లేని కింది సగం గుండా చూపు పోవడంతో మెట్లు రెండుగా కనబడేవి. గడ్డం దించి పై భాగం నుంచి చూడాలని మేమే కనుక్కున్నాము. ఆ మాట షాపులో చెప్పి ఉండవలసింది.

గాట్లలో దుమ్ము చేరుతుంది. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని బ్రష్ చాలు, స్పిరిట్ తగలనివ్వకూడదు. వాడగా వాడగా రేకు పసుపు పచ్చబడుతుంది. మళ్ళీ కొలిచినప్పుడు అవసరం 12కు తగ్గింది. పాత రేకు తీసి కొత్తది వేశారు, ఫ్రేము, అద్దాలు అవే. ఈ సౌలభ్యం కోసమే నేను దీన్ని సిఫారసు చేస్తాను. ఒక కన్ను మూసినా బొమ్మ రెండుగానే ఉంటే మాత్రం ఇది పనికిరాదు. రెండుగా కనబడడంతో పాటు తీవ్రమైన తలనొప్పి గాని, రెప్ప వాలిపోవడం గాని కొత్తగా మొదలైతే ఆప్టికల్స్ షాపుకు కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.