చీలమండ బెణికితే: బయటి వైపా, లోపలి వైపా?

కుర్చీలో కూర్చుని చీలమండకు రెండు పక్కలా వేళ్లు పెట్టి చూడండి. బయటి ఎముక బొడిపె లోపలి దానికన్నా కాస్త కిందికి, వెనక్కి ఉంటుంది. అందుకే పాదం బయటికి తిరగడం కష్టం, లోపలికి మడతపడటం తేలిక. మెట్టు దిగుతూ అడుగు తప్పితే జరిగేది ఎక్కువగా ఇదే.

అలా మడతపడితే లాగుకుపోయేది బయటి వైపే. అక్కడ 3 విడివిడి లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీలు) ఉంటాయి. వాటిలో ముందుది బలహీనం, సాధారణంగా మొదట తెగేది అదే. బొడిపెకు కాస్త ముందు, కిందుగా వాపు కనిపిస్తుంది. చాలావరకు ఆపరేషన్ లేకుండానే మానుతుంది. బెణికిందనగానే నూనె రాసి గట్టిగా తోమడం మాత్రం వద్దండీ, వాపు ఇంకా పెరగొచ్చు.

లోపలి వైపుది విసనకర్రలా పరుచుకున్న డెల్టాయిడ్ లిగమెంట్. చాలా గట్టిది. అది దెబ్బతిన్నదంటే బలమైన దెబ్బే తగిలి ఉండాలి, ఎముక కూడా విరిగి ఉండొచ్చు. లోపలి నొప్పిని నేనైతే అస్సలు తేలిగ్గా తీసుకోను.

ఏ వైపైనా సరే, 4 అడుగులు వేయలేకపోయినా, బొడిపె ఎముకను వెనక అంచున నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించండి.