విక్షనరీలోని ఇటాలియన్ క్రియాపట్టికలు: రూపాలు పుష్కలం, వాడుక కరువు

ఇటాలియన్ వ్యాకరణం క్రియకు 7 మూడ్‌లు, అంటే విషయాన్ని చెప్పే తీరులు, చెబుతుంది. వాటిలో ఉన్నది ఉన్నట్టు చెప్పే ఇందికతీవొ ఒక్కదానికే 8 కాలాలు ఉన్నాయి. సందేహం, కోరిక వంటివి చెప్పే కొంజుంతీవొకు 4, షరతుకు లోబడిన దాన్ని చెప్పే కొందిత్సియొనాలెకు 2, ఆజ్ఞ ఇచ్చే ఇంపెరతీవొకు 1, పురుషభేదం లేని ఇన్ఫినీతొ (క్రియ మూలరూపం), పర్తిచీపియొ (విశేషణంలా వాడే రూపం), జెరూందియొ ('చేస్తూ' వంటి రూపం) అనే మూడింటికీ రెండేసి చొప్పున లెక్కవేస్తే మొత్తం 21 అవుతాయి. వీటిలో పురుషభేదం ఉన్న దాదాపు ప్రతి కాలంలోనూ ఆరేసి రూపాలు ఉంటాయి కనుక, నేర్చుకునేవారి బల్ల మీద క్రియాపట్టిక ఎప్పుడూ తెరిచి ఉండక తప్పదు. అచ్చు పుస్తకాలు, ఫోన్ యాప్‌లు, వెబ్‌సైట్లు ఈ అవసరం కోసం చాలానే ఉన్నాయి. వాటిలో డబ్బు అడగనిది, ప్రకటనలు చూపనిది, ఖాతా తెరవమననిది అయిన ఆంగ్ల విక్షనరీ అనే ఆన్‌లైన్ నిఘంటువులోని పట్టికలను ఈ సమీక్షకు తీసుకున్నాను. అక్కడ వివరణలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు చదవగలిగే తెలుగువారిని దృష్టిలో పెట్టుకునే ఈ మాటలు రాస్తున్నాను.

చాలామంది నేరుగా పట్టిక దగ్గరికి వెళ్ళిపోయి, దానికి పైనున్న ఒక్క వరుసను పట్టించుకోరు. నా దృష్టిలో ఆ పేజీ మొత్తంలో విలువైనది ఆ వరుసే. అందులో వర్తమానకాలపు ఉత్తమ పురుష ఏకవచనం, పస్సాతొ రెమోతొలో, అంటే కథల్లో ఎక్కువగా కనిపించే భూతకాలంలో, అదే పురుష రూపం, భూతకాలపు పర్తిచీపియొ, తోడుగా వచ్చే సహాయక క్రియ వరసగా ఉంటాయి. రాయడం అనే అర్థమున్న స్క్రీవెరెనే చూడండి. స్క్రీవొ, స్క్రిస్సి, స్క్రిత్తొ, సహాయక క్రియ అవేరె అని నాలుగు ముక్కలే అక్కడ కనిపిస్తాయి. కానీ ఈ నాలుగు చేతిలో ఉంటే మిగిలినవాటిలో చాలావరకు మనమే కట్టుకోవచ్చు. పస్సాతొ రెమోతొలో సాధారణ పద్ధతికి లొంగని క్రియలు చాలావరకు మూడు చోట్లే దారి తప్పుతాయి. 'నేను', 'అతను', 'వాళ్ళు' అనే మూడింటికి స్క్రిస్సి, స్క్రిస్సె, స్క్రిస్సెరొ అని మారిపోతే, 'నువ్వు', 'మేము', 'మీరు' అనే మూడింటికి స్క్రివెస్తి, స్క్రివెమ్మొ, స్క్రివెస్తె అని బుద్ధిగా మూలరూపం వెంటే నడుస్తాయి. ఎస్సెరె, దారె, స్తారె వంటి కొన్నిటిని పక్కన పెడితే ఈ సూత్రం బాగానే పనిచేస్తుంది. అంటే పైవరుసలోని ఒక్క స్క్రిస్సి ఆరు రూపాలకూ తాళంచెవి.

వర్తమాన రూపం విషయంలోనూ ఆ వరుస ఇంతే మేలు చేస్తుంది. ఫినీరె, దొర్మీరె రెండూ మూలరూపంలో ఒకే తీరుగా కనిపిస్తాయి గానీ, మొదటిది ఫినిస్కొ అవుతుంది, రెండవది దోర్మొగా మిగులుతుంది. ఏ క్రియ మధ్యలో 'ఇస్క్' చేర్చుకుంటుందో మూలరూపాన్ని చూసి చెప్పడం కుదరదు, పైవరుస చూస్తే చాలు.

ఇక ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, సంగతి. ఇటాలియన్ రాతలో ఊనిక గుర్తును మాట చివరి అచ్చు మీద ఊనిక పడినప్పుడే తప్పనిసరిగా రాస్తారు, మధ్యలో పడితే మామూలుగా రాయరు. అందువల్ల అచ్చులో చూసి నేర్చుకున్నవారు 'వాళ్ళు నివసిస్తారు' అనే రూపాన్ని అబితానొ అని పలుకుతారు. అది ఆబితనొ. 'వాళ్ళు ఫోన్ చేస్తారు' అనేది తెలేఫొననొ. ఊనిక చివరి నుంచి నాలుగో అక్షరం మీద పడుతుంది. దాన్ని తెలెఫొనానొ అంటే విన్నవారు ఒక్క క్షణం తడబడతారు. విక్షనరీ పట్టికలో ప్రతి రూపం మీదా ఊనిక గుర్తు ఉంటుంది, పైగా నోరు బాగా తెరిచి పలికే 'ఎ', 'ఒ'లకూ కాస్త మూసి పలికే 'ఎ', 'ఒ'లకూ గుర్తు వాలే దిక్కులో తేడా చూపుతారు. చాలా పట్టికల్లో ఈ సదుపాయం దొరకదు. తెలుగువారికి దీనివల్ల కలిగే లాభం కొంత ఎక్కువే. మనకు హ్రస్వ దీర్ఘాలు కంటికీ చెవికీ అలవాటే కనుక, ఊనిక ఉన్నచోట దీర్ఘం పెట్టి తెలుగు లిపిలో నోటుపుస్తకంలో రాసుకుంటే, శాస్త్రరీత్యా పూర్తిగా సరిపోకపోయినా, నోరు మాత్రం సరైన చోట ఆగుతుంది. 'నేను మాట్లాడతాను' పార్లొ, 'అతను మాట్లాడాడు' పర్లో అని రాసుకుంటే రెండూ ఇక కలగలవవు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పట్టికలో కనిపించే గుర్తులన్నిటినీ ఉత్తరాల్లోనూ పరీక్షల్లోనూ దించకూడదు. ఆ రూపం మీద నొక్కితే తెరుచుకునే పేజీ శీర్షికలో మామూలు రాత ఉంటుంది, దాన్నే అనుసరించాలి.

అచ్చు పుస్తకం ఇవ్వలేని ఇంకో సౌకర్యం వెనక్కి వెతకడం. మూలరూపం తెలియకుండానే, కంటపడిన రూపాన్ని ఉన్నదున్నట్టుగా వెతుకుపెట్టెలో రాయవచ్చు. కథ చదువుతుంటే తక్క్వె అనే మాట తగిలిందనుకోండి. అది 'మౌనం వహించు' అనే అర్థమున్న తచేరెకు పస్సాతొ రెమోతొ రూపమని అక్షరక్రమపు సూచికలో వెతికి పట్టుకోవడం కొత్తవారికి తేలిక కాదు. అలాగే నక్క్వె వెనుక నష్షెరె, మొస్సె వెనుక మ్వోవెరె ఉన్నాయని ఎవరో చెబితే తప్ప తెలియదు. విక్షనరీలో దాదాపు ప్రతి రూపానికీ విడి పేజీ ఉంటుంది కనుక ఈ చిక్కు లేదు. ఫొస్సి అని వెతికితే ఎస్సెరెకు కొంజుంతీవొ ఇంపెర్‌ఫెత్తొ అనే భూతకాలంలో 'నేను', 'నువ్వు' రెండింటికీ అదే రూపమని చెబుతూనే, 'గుంటలు' అనే అర్థంలో ఫొస్సొ అనే నామవాచకానికి బహువచనం కూడా కావచ్చని చూపుతుంది. చదివే అలవాటు ఉన్నవారికి ఈ ఒక్క కారణం చాలు, విక్షనరీని బ్రౌజరులో గుర్తు పెట్టుకోవడానికి.

ఈ పట్టికలను ఎవరూ కూర్చుని రూపం వెంట రూపంగా టైపు చేయరు. సంపాదకులు కొన్ని ముఖ్యరూపాలను, సహాయక క్రియను సంకేత భాషలో ఇస్తే, వెనుకనున్న ప్రోగ్రామ్ మిగతావాటిని పుట్టిస్తుంది. దీనివల్ల అక్షరదోషాలు తగ్గుతాయి. అదే సమయంలో ఆధారంగా ఇచ్చిన రూపం తప్పయితే దాని మీద కట్టినవన్నీ తప్పుతాయి. ఎవరైనా దిద్దగలిగే నిఘంటువు కాబట్టి, అరుదైన క్రియల విషయంలో ఇటాలియన్‌లోనే అచ్చయిన నిఘంటువుతో సరిచూసుకోవడం మంచిది. రోజువారీ క్రియల విషయంలో అంత అనుమానం అక్కరలేదు.

లోపాల్లో పెద్దది సంయుక్త కాలాలు కనిపించకపోవడం. పట్టికలో ఉండేవి ఒకే మాటగా ఏర్పడే రూపాలే. సహాయక క్రియతో కలిసి ఏర్పడే పస్సాతొ ప్రొస్సిమొ, త్రపస్సాతొ, ఫుతూరొ అంతెరియోరె వంటివి అందులో లేవు. మాట్లాడే భాషలో, ముఖ్యంగా ఉత్తర ఇటలీలో, జరిగిపోయిన దాన్ని చెప్పడానికి జనం వాడేది పస్సాతొ ప్రొస్సిమొనే. పస్సాతొ రెమోతొ ఎక్కువగా కథల్లోనూ చరిత్ర రచనల్లోనూ కనిపిస్తుంది, సిసిలీ వంటి దక్షిణ ప్రాంతాల్లో మాటల్లోనూ వినిపిస్తుంది. పట్టికను మాత్రమే నమ్ముకున్న విద్యార్థి మిలాన్‌లో కాఫీ కొట్టు దగ్గర నిలబడి, నిన్న చూసిన ఆట గురించి నవల చదివి వినిపిస్తున్నట్టు మాట్లాడే ప్రమాదం ఉంది. సహాయక క్రియ పేరు పైవరుసలో ఇచ్చాం కదా, అవేరె లేదా ఎస్సెరె పట్టిక తెరిచి కలుపుకోండి అన్నది దీని వెనుక ఆలోచన కావచ్చు. అయితే కోర్రెరె వంటి క్రియలకు ఆ రెండూ ఇచ్చినప్పుడు ఏది ఎక్కడ వాడాలో ఆ వరుస చెప్పదు. రెండు గంటలు పరుగెత్తానంటే ఓ కోర్సొ, పరుగున ఇంటికి వెళ్ళానంటే సోనొ కోర్సొ. గమ్యం ఉన్నప్పుడు ఎస్సెరె వస్తుందన్న సంగతి వ్యాకరణ పుస్తకంలోనో ఉపాధ్యాయుల దగ్గరో తెలుసుకోవలసిందే. ఎస్సెరె వచ్చినప్పుడు పర్తిచీపియొ కర్త లింగాన్ని బట్టి మారుతుంది. వచ్చాడు, వచ్చింది అని రోజంతా అనేవారికి ఇది వింతగా తోచదు, అవేరెతో అలా మారకపోవడమే కొత్తగా ఉంటుంది.

కొంజుంతీవొ దగ్గర కూడా పట్టిక రూపం చూపి ఊరుకుంటుంది. వర్తమానంలో 'నేను', 'నువ్వు', 'అతను' మూడింటికీ పార్లి అన్న ఒకటే రూపం. తెలుగులోలాగే ఇటాలియన్‌లోనూ సర్వనామం వదిలేయడం మామూలే గానీ, ఇక్కడ వదిలేస్తే మాట్లాడేది ఎవరో తెలియకపోవచ్చు కనుక సర్వనామం చెప్పాల్సి వస్తుంది. 'డబ్బుంటే కొంటాను', 'డబ్బుంటే కొనేవాణ్ణి' అనే రెండింటిలోనూ మనకు 'ఉంటే' మారదు, చివరి క్రియ మాత్రమే మారుతుంది. ఇటాలియన్‌లో రెండవ వాక్యానికి 'సె అవెస్సి' అని కొంజుంతీవొ, ఆ తరువాత 'కొంప్రెరేయి' అని కొందిత్సియొనాలె, రెండు వైపులా మార్పు కావాలి. పట్టికలో అవెస్సి ఒక పేజీలో, కొంప్రెరేయి మరో పేజీలో ఉంటాయి. వాటిని జతకట్టే ఉదాహరణ వాక్యం ఆ పట్టికలో ఉండదు. కాలాల పేర్లు ఇంగ్లీషులో ఉండటం మరో చిన్న ఇబ్బంది. తరగతిలో పస్సాతొ రెమోతొ అని విన్నది ఇక్కడ పాస్ట్ హిస్టారిక్ అయిపోతుంది, మొదటి వారాల్లో రెండు పేర్లూ గుర్తుంచుకోవలసి వస్తుంది. కొన్ని గళ్ళలో ఒకటికి మించి రూపాలు ఉంటాయి. క్రెదెత్తి, క్రెదేయి అని రెండూ ఇస్తారు. రెండూ సరైనవే, ఒకటి అలవాటు చేసుకుంటే చాలు. ఫోన్ తెర మీద పట్టికను అడ్డంగా జరుపుకుంటూ చదవాలి, అందుకే కంప్యూటరు మీద చూడటమే మేలు.

లోపాలు ఇన్ని ఉన్నా ఇంపెరతీవొ వరుసల గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. మనకు 'రా', 'రండి' మధ్య ఉన్న తేడా ఇటాలియన్‌లో వ్యేని, వెంగ మధ్య ఉంది. మర్యాద రూపాన్ని కొంజుంతీవొ నుంచి తెచ్చుకుంటారు. చిక్కంతా చివరి అచ్చులో ఉంది. 'అరె'తో ముగిసే క్రియల్లో చనువుకు పార్ల, మర్యాదకు పార్లి. 'ఎరె'తో ముగిసే క్రియల్లో తలకిందులై చనువుకు ప్రెంది, మర్యాదకు ప్రెంద. అద్దె ఇంటి యజమానురాలైన పెద్దావిడతో 'స్కూజి' (క్షమించండి) అనవలసిన చోట 'స్కూజ' అంటే ఆవిడ ఏమీ అనకపోవచ్చు గానీ, పెద్దల్ని ఏకవచనంలో పిలవడం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. విక్షనరీ ఈ రెండు రూపాలనూ పక్కపక్కనే విడి గళ్ళలో ఇస్తుంది. దాని కిందే వ్యతిరేక రూపాలకు మరో వరుస పెట్టి, 'మాట్లాడకు' అనడానికి చనువులో మూలరూపాన్నే వాడి నొన్ పర్లారె అంటారనీ, మర్యాదకు నొన్ పార్లి అంటారనీ చూపుతుంది. మూలరూపంతో ఆజ్ఞ ఇవ్వడం చాలామంది విద్యార్థులు ఆలస్యంగా తెలుసుకునే విషయం, అది ఇక్కడ వెతక్కుండానే దొరుకుతుంది.