లంకల్లో ఎనిమిది చలికాలాలు: రంపం, కత్తి, గొడ్డలి

2016 డిసెంబరులో గోదావరి గౌతమి పాయలోని ఒక లంక (నది మధ్య ఇసుక దిబ్బ) మీద మొదటిసారి గుడారం వేసినప్పుడు కట్టెల కోసం నేను తీసుకెళ్లిన పనిముట్టు ఒక్కటే, కిలోకు పైగా బరువున్న గొడ్డలి. దుంగను నిలబెట్టి ఒక్క దెబ్బ వేశాను. దుంగ చీలలేదు, నాలుగు అంగుళాలు ఇసుకలోకి దిగింది. రెండో దెబ్బకు ఇంకాస్త దిగింది. అరగంట తర్వాత చేతులు బొబ్బలెక్కాయి, అన్నం వండడానికి సరిపడా కట్టెలు మాత్రం సిద్ధం కాలేదు.

గొడ్డలి పనిలో సగం దాని కింద ఉన్న గట్టి నేలది. ధవళేశ్వరం దిగువన మన నేలంతా గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు, ఇసుక. లంకలో దెబ్బను ఆపుకునే బండ ఉండదు, కొట్టు మొద్దు ఉండదు. పొయ్యికి మూడు రాళ్లు కావాలన్నా ఇంటి నుంచి ఇటుకలు పట్టుకెళ్లాలి, లేదంటే ఇసుకలో గాడి తవ్వుకోవాలి. కొండ ప్రాంతాల్లో తిరిగేవారు గొడ్డలిని మెచ్చుకుంటే నేను కాదనను. ఇక్కడికి మాత్రం అది సరిపడే పనిముట్టు కాదని రెండు చలికాలాల్లోనే తేలిపోయింది.

రెండో చలికాలంలో అంతర్వేది దగ్గర జరిగినది తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. గొడ్డలి కామ, అంటే దాని కర్ర పిడి, వానాకాలం తేమకు ఉబ్బి, తర్వాత ఎండి కుంచించుకుపోయింది. ఎత్తి దించేలోపు తల ఊడి, మా బావమరిది కాలికి మూరెడు దూరంలో పడింది. "నీళ్లలో నానబెట్టండి బావగారూ, బిగుస్తుంది" అన్నాడు. నానబెడితే ఆ రాత్రికి బిగిసింది. కానీ ఉబ్బిన కర్ర ఇనుప కంతలో నలిగిపోతుంది కనుక, ఆరిన తర్వాత మునుపటికన్నా వదులైంది. కామ మార్చి, అది బిగుసుకునేలా కొత్త చెక్క చీల దిగ్గొట్టించేదాకా దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడది మా పెరట్లో చింత మొద్దు పక్కన ఉంటుంది. అక్కడ బాగా పనిచేస్తోంది.

మాకు దొరికే కట్టెలు ఏవో చూసుకున్నాకే పనిముట్ల సంగతి నాకు అర్థమైంది. తీరం వెంబడి సరుగుడు తోటలున్నాయి. రైతును అడిగి, డబ్బిచ్చి తెచ్చుకునే ఎండు కొమ్మలు మణికట్టు లావుకు మించవు. ఊళ్లలో కొబ్బరి మట్టలు, డొక్కలు ఎన్నైనా దొరుకుతాయి. లంకల మీద వరదకు కొట్టుకొచ్చిన కర్ర ఉంటుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ పెద్ద వరద తర్వాత, ఆ చలికాలం మేము కట్టెలు కొననే లేదు. ఇవన్నీ నరికే కట్టెలు కావు, కోసే కట్టెలు.

అందుకే నా ఓటు మడత రంపానికి. 2017లో కొన్న బాకో లాప్లాండర్ ఇప్పటికీ వాడుతున్నాను. బ్లేడు 190 మిల్లీమీటర్లు, బరువు సుమారు 200 గ్రాములు. పడవలో లంకకు దాటేటప్పుడు చొక్కా జేబులో పెట్టుకున్నా ఇబ్బంది ఉండదు. తోసినా లాగినా కోస్తుంది. సరుగుడు కర్ర గట్టిది, అయినా మణికట్టు లావు కొమ్మ నిమిషంలోపే తెగుతుంది. అంతకుముందు బజారులో చవకగా కొన్న రంపం లాగినప్పుడు మాత్రమే కోసే రకం. ఆ సంగతి తెలియక తోశాను, బ్లేడు వంగి విరిగింది. పళ్ల దిశ చూసుకోకుండా ఏ రంపమూ కొనవద్దు. బ్లేడు పొడవులో సగానికి మించిన లావు కర్ర జోలికీ వెళ్లవద్దు. పళ్లు కదలడానికి చోటు చాలక రంపపు పొట్టు గాట్లోనే నిండిపోతుంది, చెయ్యి నొప్పి మిగులుతుంది.

రంపానికి ఇక్కడ అసలు శత్రువు ఇసుక. వరద కర్ర బెరడులో ఇసుక రేణువులు ఇమిడిపోయి ఉంటాయి. నేరుగా కోస్తే పదునంతా ఒక్క పూటలో పోతుంది. కోయబోయే చోట చుట్టూ రెండంగుళాల మేర కత్తితో బెరడు చెక్కేసి, తర్వాత రంపం ఆనిస్తాను. దీనికి పట్టే సమయం రెండు నిమిషాలు. ఈ అలవాటు పడ్డాకే నా బ్లేడు ఏళ్ల తరబడి నిలిచింది. సముద్రం దగ్గర ఉప్పునీటిలో నానిన కర్రనైతే వంటకు వాడను, ఆ పొగ మంచిది కాదు.

కత్తి విషయంలో మాత్రం మా కమ్మరిని మించిన కంపెనీ నాకు కనబడలేదు. అమలాపురం పక్క ఊళ్లో లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి ఆయన చేసిచ్చిన కత్తి అది. పది అంగుళాల అలుగు, వీపు మందం ఆరు మిల్లీమీటర్లు, వేపకర్ర పిడి. ఇచ్చేటప్పుడు ఆయన "ఇసుకలో గుచ్చి నిలబెట్టకండి బాబూ, అంతకన్నా దానికి చెడ్డది లేదు" అన్నారు. పైన తడిసిన వరద కర్రకు లోపలి భాగం చాలాసార్లు పొడిగానే ఉంటుంది. జానెడు ముక్కగా కోసి, అడుగున మరో దుంగ పెట్టి, కత్తిని ముక్క తల మీద ఆనించి, దాని వీపు మీద లావుపాటి కర్రతో మోదితే ముక్క చీలి పొడి కర్ర బయటపడుతుంది. గొడ్డలిలా గాలిలో తిప్పే పని లేదు, కాబట్టి పిల్లలు చుట్టూ ఉన్నప్పుడు నాకు భయం తగ్గింది. ముడి ఉన్న సరుగుడు ముక్క మొండికేస్తుంది, దానితో పోరాడకుండా రాత్రి మంటకు అలాగే వేసేస్తాను. రాజుకోవడానికి కొబ్బరి పీచు, సన్నగా చీల్చిన మట్ట చాలు.

కోరింగ వైపు వెళ్లేవారికి ఒక మాట. అక్కడి మడ అడవులు 1978 నుంచి అభయారణ్యం. పడిపోయిన కొమ్మైనా సరే, కత్తి పెట్టకూడదు. తుపాను వచ్చినప్పుడు అలల ధాటిని ముందు భరించేది ఆ చెట్లే. ఆ వైపు వెళ్తే కట్టెలు వెంట తీసుకెళ్తాను, లేదా గ్యాసు పొయ్యి.

సముద్రపు గాలికి ఇనుము ఒక్క రాత్రిలో తుప్పెక్కుతుంది. పడుకునే ముందు రంపం, కత్తి రెండింటినీ తుడిచి కొబ్బరినూనె పూస్తాను. డిసెంబరు రాత్రుల్లో నూనె సీసాలో తెల్లగా గడ్డకడుతుంది. అందుకే సాయంత్రమే సీసాను పొయ్యి పక్కన పెట్టే పని మా అబ్బాయికి అప్పజెప్పాను. నూనె పూయడం కూడా ఇప్పుడు వాడే చేస్తున్నాడు, రంపం పళ్ల సందుల్లోకి పాత పళ్లకుంచెతో.