కార్టూన్ అమ్మాయి ముఖం: చేతిగీత పద్ధతా, త్రీడీ పద్ధతా?

యానిమేషన్ సినిమాల్లోని అమ్మాయి ముఖం గీయాలంటే రెండు దారులున్నాయి. ఒకటి 1937 నాటి 'స్నో వైట్' లాంటి చేతిగీత సినిమాలది, రెండోది 2010లో వచ్చిన 'టాంగిల్డ్' లాంటి త్రీడీ సినిమాలది, అంటే కంప్యూటర్‌లో చేసిన బొమ్మలా ముఖం ఉబ్బెత్తుగా కనిపించేలా పెన్సిల్‌తో గీయడం. రెండింటికీ మొదలు ఒకటే: ఒక గుండ్రం, దాని కింద చిన్న గడ్డం, మధ్యలో నిలువు గీత, అడ్డ గీత.

అసలు తేడా కళ్ల దగ్గర వస్తుంది. చేతిగీతలో పై రెప్పను మందపాటి గీతతో ఒక్క ఊపులో లాగేస్తాం, కింది రెప్ప కనీకనిపించకుండా ఉంటుంది. త్రీడీలో కన్ను ఒక బంతి. రెప్ప ఆ బంతిని చుట్టుకున్నట్టు మందంగా కనపడాలి, దాని నీడ కనుగుడ్డు మీద సన్నగా పడాలి. ఆ నీడ మరిచిపోతే కళ్లు పొడుచుకొచ్చి, పిల్ల ఉలిక్కిపడ్డట్టు ఉంటుంది.

ముక్కు సంగతి తేలిక: చేతిగీతలో చిన్న ఒంపు, త్రీడీలో గీత లేకుండా షేడింగ్.

త్రీడీలో చిన్న తప్పుల్ని షేడింగ్‌తో సర్దుకోవచ్చు. చేతిగీతలో ఆ వీలు తక్కువ, గీత వంకరపోతే ముఖమే మారిపోతుంది. అయినా కొత్తవాళ్లకు నేను చేతిగీతే చెబుతాను. పెదవి గీత చివరను పిసరంత పైకి లేపండి, ఆ పిల్ల నవ్వేస్తుంది! త్రీడీ వైపు వెళ్లేటప్పుడు మాత్రం మెత్తటి 4బీ పెన్సిల్ దగ్గర పెట్టుకోండి, నీడలు బాగా కలుస్తాయి.