ఆప్షన్ జట్టు నడిపేవారికి ‘కాలేజ్ ఫుట్‌బాల్ 25’ ఎంతవరకు పనికొస్తుంది?

పదకొండేళ్ల విరామం తరువాత ఇఏ స్పోర్ట్స్ 2024 జూలై 19న విడుదల చేసిన ఈ వీడియో గేమ్‌లో 134 అమెరికన్ కళాశాల జట్లు ఉన్నాయి. స్టేడియాల సందడి గురించి, బొమ్మల నాణ్యత గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక, సైనిక అకాడమీల ఆర్మీ, నేవీ జట్ల తరహాలో ట్రిపుల్ ఆప్షన్ (బంతిని ఇవ్వడం, ఉంచుకోవడం, పక్కకు విసరడం అనే మూడు దారులున్న దాడి పద్ధతి) ఆడదలచినవారికి, ఒక జట్టును సీజన్ల తరబడి నడిపే డైనస్టీ విభాగం ఎలా ఉంటుందన్న విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

ఇందులో అన్నిటికంటే మెచ్చదగినది ‘వేర్ అండ్ టేర్’ ఏర్పాటు. తగిలిన ప్రతి దెబ్బ ఆటగాడి శరీరభాగాలపై పేరుకుపోయి అతని సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. బంతిని ఫుల్‌బ్యాక్‌కు (వెనక నిలిచి బంతితో దూసుకెళ్లే ఆటగాడికి) ఇచ్చినట్టే ఇచ్చి తనే పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) పదేపదే దెబ్బలు తింటాడు కాబట్టి, రెండో క్వార్టర్‌బ్యాక్ ఎవరన్న ప్రశ్నను ఎక్కువ కాలం వాయిదా వేయలేము.

స్థానాల మార్పు విషయంలో మాత్రం మొత్తం రేటింగ్‌ను నమ్ముకోకూడదు. హాఫ్‌బ్యాక్‌ను (బంతితో పరుగెత్తే ఆటగాడిని) క్వార్టర్‌బ్యాక్‌గా మార్చగానే విసిరే బలం, గురి కూడా లెక్కలోకి వచ్చి ఆ అంకె పడిపోతుంది. ఆప్షన్‌లో వాటి అవసరం తక్కువ. వేగం, చురుగ్గా దిశ మార్చే నేర్పు, బంతిపై పట్టు ముఖ్యం. జార్జియా టెక్ ఏ-బ్యాక్‌గా (పక్కన నిలిచి పరుగెత్తే ఆటగాడిగా) ఆడిన టాక్వాన్ మార్షల్ క్వార్టర్‌బ్యాక్‌గా మారి, 2017లో టెనెసీపై తొలి మ్యాచ్‌లోనే 249 గజాలు పరుగెత్తి ఐదు టచ్‌డౌన్లు సాధించాడు. నేవీలో అలాంటిదే అయిన స్లాట్‌బ్యాక్ స్థానంలోనూ ఆడిన మాల్కమ్ పెర్రీ 2019లో క్వార్టర్‌బ్యాక్‌గా 2,017 గజాలు పరుగెత్తాడు. అంకెనే చూసి డెప్త్ చార్ట్ (ఒక్కో స్థానానికి ఆటగాళ్ల వరుస) పేర్చేవారు ఇలాంటి ఆటగాడిని బెంచీ మీదే కూర్చోబెడతారు.

అసలు లోపం మరొకటి. ఆప్షన్‌లో ప్రత్యర్థి రక్షకుల్లో ఒకరిని కావాలనే అడ్డుకోకుండా వదిలి, అతని కదలికను బట్టి బంతి ఫుల్‌బ్యాక్‌కు ఇవ్వాలా, ఉంచుకోవాలా, పక్కకు విసరాలా అన్నది క్వార్టర్‌బ్యాక్ క్షణంలో తేల్చుకోవాలి. నిజమైన జట్టులో ప్రత్యామ్నాయ ఆటగాడి విలువను తేల్చేది రక్షకుడి కదలికను పసిగట్టే ఈ చూపే. అది ఫుల్‌బ్యాక్‌తో కలిసి చేసిన సాధన వల్లనే వస్తుంది. గేమ్‌లో ఆ నిర్ణయం కంట్రోలర్ పట్టుకున్నవారిది కనుక, మొదటి క్వార్టర్‌బ్యాక్ గాయపడి తప్పుకున్నా మూడోవాడు వచ్చినా చూపు మారదు. 2016లో నేవీకి ఇంత సులువు కాలేదు: టాగో స్మిత్ తొలి మ్యాచ్‌లో గాయపడ్డాడు, అతని స్థానంలో వచ్చి జట్టును కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) ఫైనల్ దాకా నడిపిన విల్ వర్త్ అక్కడ టెంపుల్ విశ్వవిద్యాలయ జట్టుపై ఆడుతూ గాయపడ్డాడు. మరుసటి వారం ఆర్మీపై జాక్ ఏబీ మొదటిసారి ఆరంభ క్వార్టర్‌బ్యాక్‌గా దిగగా నేవీ 17-21తో ఓడి, ఆ జట్టుపై పద్నాలుగేళ్ల విజయపరంపరను పోగొట్టుకుంది. బయటి నుంచి సిద్ధమైన ఆటగాళ్లను తెచ్చుకునే వీలు దాదాపు లేని అకాడమీలకు ఉన్నవారి స్థానాలు మార్చుకోవడమే దారి; ఆ బరువు ఈ ఆటలో సగమే తెలుస్తుంది.

విడుదల ధర 69.99 డాలర్లు. ప్రతి మ్యాచ్‌నూ స్వయంగా ఆడేవారికి ఆ ధర సమంజసమే. కొన్నాక సీజన్ల నడుమ వచ్చే స్థానమార్పుల దశలో వేగవంతుడైన ఒక హాఫ్‌బ్యాక్‌ను తప్పక క్వార్టర్‌బ్యాక్‌గా మార్చి ఉంచుకోండి.