పది తర్వాత పని నేర్పే చదువు: ఇంటర్ ఒకేషనల్, పాలిటెక్నిక్, ఐటీఐ.. ఏది మేలు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం చాలా ఇళ్లలో మాటంతా ఎంపీసీ, బైపీసీల చుట్టూనే తిరుగుతుంది. ఆ రెండూ కాకుండా ఒక పని నేర్చుకుని త్వరగా నిలదొక్కుకోవాలనుకునే పిల్లలకు తెలుగు రాష్ట్రాల్లో ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకటి రెండేళ్ల ఇంటర్ ఒకేషనల్, రెండోది మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా, మూడోది ట్రేడును (నేర్చుకునే పనిని) బట్టి ఏడాదో రెండేళ్లో పట్టే ఐటీఐ, అంటే పారిశ్రామిక శిక్షణ సంస్థలో చదువు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసి, "మార్కులు తక్కువొచ్చాయి కదా, ఏదో ఒకదాంట్లో వేసేద్దాం" అనే పెద్దలను చూస్తే బాధేస్తుంది. కోర్సు పేరు కన్నా ముందు అడగాల్సిన మాట వేరే ఉంది. చదువు పూర్తయిన రోజున ఆ సర్టిఫికెట్ ఏ ఉద్యోగానికి, ఏ పైచదువుకు నేరుగా పనికొస్తుంది?

కరెంటు పనంటే ఇష్టమున్న పిల్లవాడి సంగతే చూద్దాం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు చేస్తే విద్యుత్ పంపిణీ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ పోస్టుకు అర్హత వస్తుంది. ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు చేసినా అదే పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రాత పరీక్షతో పాటు స్తంభం ఎక్కే పరీక్ష కూడా నెగ్గాలి. (ఇది మగపిల్లల ఉద్యోగమనే మాట ఇక చెల్లదు. హైకోర్టు జోక్యం తర్వాత తెలంగాణలో అమ్మాయిలు స్తంభం ఎక్కి చూపించి ఈ ఉద్యోగాలు తెచ్చుకున్నారు.) అదే పిల్లవాడు పాలిటెక్నిక్‌లో ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) చదివితే సబ్ ఇంజినీర్ పోస్టుకు పోటీ పడొచ్చు. అంటే ఒక ఏడాది ఎక్కువ చదివి ఒక మెట్టు పైన మొదలుపెడతాడు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ (రైలు నడిపే డ్రైవరుకు సహాయకుడు) కావాలంటే పదో తరగతి మీద సంబంధిత ట్రేడులో ఐటీఐ ఉన్నా, తగిన బ్రాంచిలో డిప్లొమా ఉన్నా సరిపోతుంది. జూనియర్ ఇంజినీర్‌కు మాత్రం కనీసం డిప్లొమా ఉండాలి. ఒకేషనల్ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే ఈ రెండు పోస్టులూ అందవు. ఇష్టం ఒక్కటే అయినా దారిని బట్టి చేరే చోటు ఇంతగా మారిపోతుంది.

ఇంకా ఏమీ తేల్చుకోలేని పిల్లలకు నేను పాలిటెక్నిక్‌నే చెప్తాను. పాలిసెట్ రాసి చేరాలి, ప్రశ్నలు పదో తరగతి స్థాయిలోనే ఉంటాయి. డిప్లొమా తర్వాత ఉద్యోగానికి వెళ్లొచ్చు, లేదా ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఇక్కడ చాలామంది ఒక లెక్క మర్చిపోతారు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపితే ఆరు. డిప్లొమా మూడేళ్లు, ఆపై బీటెక్ మూడేళ్లు కలిపినా ఆరే. కాలం ఒక్కరోజు కూడా వృథా కాదు, పైగా మధ్యలో ఉద్యోగానికి పనికొచ్చే ఒక సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఈసెట్‌లో 200 మార్కులకు 100 సొంత బ్రాంచి నుంచే వస్తాయి కాబట్టి మూడేళ్లు శ్రద్ధగా చదివినవాళ్లకు అది కొత్త భారమేమీ కాదు.

అయితే పాలిటెక్నిక్ తేలిక చదువు కాదు. మొదటి ఏడాది గణితం చాలామందికి గట్టి దెబ్బే. మాత్రికలు, కలనం లాంటివి ఒకేసారి మీద పడతాయి. పదిదాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇంగ్లిష్ పుస్తకాల టెన్షన్ దానికి తోడు. లెక్కలంటే నిజంగానే భయపడే పిల్లవాణ్ని పక్కింటి అబ్బాయి చేరాడని అక్కడ చేర్చొద్దు. సబ్జెక్టులు మిగిలిపోయి, మూడేళ్ల తర్వాత పది పాస్ సర్టిఫికెట్ మాత్రమే చేతిలో ఉన్నవాళ్ల పరిస్థితి చాలా కష్టం.

అలాంటి పిల్లలకు ఐటీఐ మేలు. ఈ మాట అంటే కొందరు తల్లిదండ్రులు చిన్నబుచ్చుకుంటారు, కానీ ఈ మూడింటిలో చేతికి ఎక్కువ పని దొరికేది అక్కడే. రోజులో పెద్ద భాగం వర్క్‌షాపులోనే గడుస్తుంది. వెల్డర్ ట్రేడు ఏడాదే, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. ఆ తర్వాత 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ తీసుకుంటూ పరిశ్రమలో శిక్షణ పొందొచ్చు. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లను పదో తరగతి, ఐటీఐ మార్కుల మెరిట్ మీదే ఎంపిక చేస్తుంది, రాత పరీక్ష ఉండదు. రైల్వేలోనే ఆ శిక్షణ పూర్తిచేసినవాళ్లకు తర్వాత లెవెల్-1 (రైల్వేలో మొదటి మెట్టు) ఉద్యోగాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ఇంట్లో సంపాదన త్వరగా కావాల్సిన పిల్లలకు ఇంతకన్నా నేరుగా సాగే వరస ఇంకోటి కనిపించదు. తెలంగాణలో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. దగ్గర్లో అలాంటిది ఉంటే వెళ్లి చూడండి. రెండేళ్ల ట్రేడు బాగా చేసినవాళ్లకు పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరే వీలు కూడా ఉంది.

ఇక ఇంటర్ ఒకేషనల్. కాలేజీల్లో అందరికన్నా తక్కువ సమాచారంతో చేరేది ఈ పిల్లలేనని నాకనిపిస్తుంది. అకౌంటింగ్ అండ్ టాక్సేషన్, కంప్యూటర్ సైన్స్, ఆటోమొబైల్, పంటల సాగు, ఎంఎల్‌టీ (ల్యాబ్ పరీక్షల పని), ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్త పని) అంటూ కోర్సులు చాలానే ఉంటాయి. అన్నిటికీ ఒకే విలువ లేదు. నా లెక్కలో వైద్యానికి సంబంధించినవి ముందు నిలుస్తాయి. ల్యాబ్ టెక్నీషియన్, ఏఎన్ఎం (ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్త) తరహా ఉద్యోగాలకు ఈ కోర్సులు నేరుగా పనికొస్తాయి. ఒక్క షరతు మాత్రం చాలామందికి చివర్లో గానీ తెలియదు. రెండేళ్ల చదువు తర్వాత గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయాలి, ఆ కోర్సుకు సంబంధించిన బోర్డులోనో కౌన్సిల్‌లోనో పేరు నమోదు చేయించుకోవాలి. ప్రభుత్వ పోస్టుల నోటిఫికేషన్లలో ఈ రెండూ అడుగుతారు. కాబట్టి దీన్ని రెండేళ్ల కోర్సు అనుకోకుండా మూడేళ్ల కోర్సు అనుకునే చేరాలి.

పంటల సాగు మీద ఆసక్తి ఉన్నవాళ్లకు మాత్రం ఒకేషనల్ కన్నా వ్యవసాయ పాలిటెక్నిక్ మంచిది. అదీ రెండేళ్లే, పైగా అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లోకి వెళ్లే దారి దానికుంది.

ఒకేషనల్‌లో చేరి తర్వాత ఇంజినీరింగ్‌కు మళ్లొచ్చని కొందరు చెప్తారు. ఆ మాట అబద్ధం కాదు. బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాసి గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ పాసైతే బీటెక్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌కు అర్హత వస్తుంది. కానీ ఎంపీసీ పిల్లలు రెండేళ్లు పొద్దస్తమానం చదివేదాన్ని, ఈ పిల్లలు తమ కోర్సు చదువుకుంటూ పక్కన అదనంగా చదవాలి. కొన్ని కాలేజీల్లో బ్రిడ్జి కోర్సు పాఠాలు చెప్పేవాళ్లే ఉండరు, ఫీజు కట్టించుకుని పరీక్షకు పంపేస్తారు. బీటెక్ కోరిక ఏ మూలనున్నా పాలిటెక్నిక్‌కే వెళ్లాలి. ఒకేషనల్ తర్వాత డిగ్రీ చదువుతానంటే మాత్రం నిస్సంకోచంగా చేరొచ్చు. అకౌంటింగ్ చదివినవాళ్లకు బీకామ్ చక్కగా కలిసొస్తుంది.

చేరేముందు ఒక పూట తీరిక చేసుకుని పిల్లవాణ్ని, పిల్లను వెంటబెట్టుకుని ఆ కాలేజీకి వెళ్లండి. ఆఫీసు గదిలో ఇచ్చే బ్రోచర్ కన్నా ల్యాబ్ తలుపు తీయించి చూడటం ముఖ్యం. మిషన్ల మీద దుమ్ము పేరుకుందా, నిరుటి పిల్లలు ఆన్ ది జాబ్ ట్రైనింగ్‌కు ఎక్కడికి వెళ్లారు, నేర్పే మనిషి రెగ్యులరా, వచ్చిపోయే గెస్టా అని అడగండి. ప్రైవేటు ఐటీఐ అయితే మీరు చేరబోయే ట్రేడుకే కేంద్ర ప్రభుత్వ గుర్తింపు (ఎన్‌సీవీటీ అని పిలిచేది) ఉందో లేదో కాగితం చూపించమనండి. గుర్తింపు ట్రేడుల వారీగా ఇస్తారు కాబట్టి సంస్థకు ఉందన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు. వైద్య కోర్సయితే అప్రెంటిస్‌షిప్‌కు ఏ ఆస్పత్రికి పంపుతారో పేరుతో సహా రాయించుకోండి.