ఒహాయో స్టేట్ 2024 సీజన్: ఖరీదైన సరుకు, ఒక్క విడిభాగమే బలహీనం

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఒహాయో స్టేట్ బక్‌ఐస్ 2024 సీజన్‌లో ఆ సామెతను తిరగేశారు. నవంబరు 30న సొంత ఊరు కొలంబస్‌లో మిషిగన్ చేతిలో 13-10తో పరువు పోగొట్టుకున్నారు. 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్ డామ్‌ను 34-23తో ఓడించి జాతీయ టైటిల్ పట్టుకొచ్చారు. లెక్క 14 గెలుపులు, 2 ఓటములు. ఐదు చుక్కలకు నాలుగున్నర ఇస్తాం. తగ్గించిన ఆ అర చుక్కే ఈ సీజన్‌లో ఎక్కువ నేర్పింది, అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

జట్టు ఖరీదు చిన్నది కాదు. ఆటగాళ్లకు అందింది 2 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని విశ్వవిద్యాలయ క్రీడా డైరెక్టర్ రాస్ బ్యోర్కే చెప్పారు. పాస్‌లు విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ క్విన్‌షాన్ జడ్కిన్స్ ఓల్ మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం) నుంచి, డిఫెన్స్‌లో చివరి కాపలా అయిన సేఫ్టీ కాలెబ్ డౌన్స్, సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ అలబామా నుంచి వచ్చారు. వీళ్లకు తోడు పాస్‌లు అందుకునే మొదటి ఏడాది రిసీవర్ జెరెమయా స్మిత్. డిఫెన్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: సగటున ఆటకు 12.9 పాయింట్లే ఇచ్చింది, దేశంలో అంతకన్నా తక్కువ ఇచ్చిన జట్టు లేదు.

బలహీనత ఆఫెన్సివ్ లైన్‌లో ఉంది. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ముందు వరసలో అడ్డు నిలిచే ఐదుగురే ఆ లైన్: మధ్యలో సెంటర్, అతనికి చెరో పక్క గార్డ్, రెండు చివర్లలో టాకిల్స్. అక్టోబరు 12న ఒరెగాన్‌లో లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ మోకాలు దెబ్బతింది. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్‌కు వెనకవైపు కాపలా ఆ స్థానానిదే. అటు నుంచి వచ్చేవాడు అతని కంట పడడు. బదులుగా దింపిన జెన్ మిహాల్స్కీ కూడా నెబ్రాస్కా ఆటలోనే గాయపడ్డాడు. ఆ రోజు 21-17తో బొటాబొటిగా బయటపడ్డారు. దాంతో గార్డ్ డొనొవన్ జాక్సన్‌ను టాకిల్‌కు జరిపి, ఖాళీ అయిన గార్డ్ చోట కార్సన్ హింజ్‌మన్‌ను పెట్టారు. నవంబరులో మెక్‌లాఫ్లిన్ మడమ నరం తెగడంతో హింజ్‌మన్ సెంటర్‌కు వెళ్లాడు, గార్డ్‌కు మళ్లీ మరొకరు కావలసి వచ్చింది. ఒక బోల్టు ఊడితే పక్క బోల్టు తీసి బిగించినట్టుంది వరస.

సీజన్ చివరికి వచ్చేసరికి ఇలా అతుకులేసిన లైన్ మీద మిషిగన్ పైన నడిమధ్య నుంచి పరుగులు తీయించారు. ఎదురుగా ఉన్నది మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్. ఆ నడిమధ్య దారినే మూసే డిఫెన్సివ్ టాకిల్స్ వీళ్లు. ఆ ఏడాది దేశంలో వాళ్లను మించిన జోడీ ఉందనడం కష్టం. 26 పరుగుల్లో 77 గజాలే వచ్చాయి. అవతల మిషిగన్ పాసింగ్ మొత్తం 62 గజాలు, పైగా రెండు ఇంటర్‌సెప్షన్లు, అంటే ఒహాయో స్టేట్ చేతికి చిక్కిన పాస్‌లు. అలాంటి జట్టుకు ఓడాలంటే పట్టుబట్టాలి. బయట స్మిత్ ఉండగా బంతిని గోడకేసి కొట్టడం, రెండు ఫీల్డ్ గోల్స్ (గోల్‌పోస్టుల మధ్యకు తన్నే 3 పాయింట్ల కిక్‌లు) మిస్ కావడం, హోవర్డ్ రెండు పాస్‌లు అవతలి చేతుల్లో పడటం, అన్నీ ఒకే రోజు కలిశాయి. ఇందులో ఆటగాళ్ల కన్నా ప్లే కాలింగ్ (ఎప్పుడు ఏ ఎత్తు వేయాలో ఎంచుకోవడం) తప్పే ఎక్కువ.

అంతకు ముందు ఒరెగాన్‌లో 32-31 ఓటమి వేరే రకం. 10 సెకన్లు మిగిలుండగా ఒరెగాన్ డిఫెన్స్‌లో 11 మంది ఉండాల్సిన చోట 12 మంది దిగారు. పెనాల్టీ 5 గజాలే, కానీ ఆ ప్లేలో 4 సెకన్లు కరిగాయి. తర్వాతి ప్లేలో హోవర్డ్ పరుగెత్తి జారి కూర్చునేసరికి గడియారం సున్నాకు వచ్చింది. ఆ చిట్కా మళ్లీ ఎవరూ వాడకుండా, పోయిన సమయాన్ని గడియారంలో తిరిగి పెట్టించుకునే వీలును తర్వాత కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఇచ్చింది. దీన్ని జట్టు లోపంగా లెక్కేయలేం.

12 జట్ల ప్లేఆఫ్ మొదటి ఏడాది కాబట్టే వీళ్లకు రెండో అవకాశం దక్కింది. జట్లను ఎంపిక చేసే కమిటీ ఇచ్చిన ర్యాంకు 6, సీడ్ (ప్లేఆఫ్ పట్టికలో స్థానం) 8. పాత 4 జట్ల పద్ధతైతే సీజన్ అక్కడే ముగిసేది. రిపేరు మాత్రం శుభ్రంగా చేశారు: ఆఫెన్స్ ఎత్తులు చూసే కోఆర్డినేటర్ చిప్ కెలీ పరుగుల మొండితనం వదిలి మొదటి డౌన్ (10 గజాలకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో మొదటిది) నుంచే పాస్‌లకు తెరతీశాడు. టెన్నెసీ మీద మొదటి క్వార్టర్‌కే 21-0, చివరికి 42-17. క్వార్టర్ ఫైనల్ అయిన రోజ్ బౌల్‌లో అంతకుముందు ఓటమే ఎరగని ఒరెగాన్ మీద రెండో క్వార్టర్‌లోనే 34-0. స్మిత్‌కు 187 గజాలు, డిఫెన్స్‌కు 8 సాక్‌లు, అంటే పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాలు. తుది స్కోరు 41-21.

ఈ మందు అన్ని చోట్లా పనిచేయలేదు. సెమీఫైనల్లో టెక్సస్ స్మిత్‌ను కట్టేసింది: ఒక్క క్యాచ్, 3 గజాలు. అప్పుడు రన్నింగ్ బ్యాక్ ట్రెవియాన్ హెండర్సన్ 75 గజాలు తీసుకెళ్లిన స్క్రీన్ పాస్ (అడ్డు నిలిచేవాళ్ల వెనక వేసే పొట్టి పాస్), చివర్లో డిఫెన్స్ ఆటగాడు జాక్ సాయర్ 83 గజాల ఫంబుల్ రిటర్న్ (అవతలివాడు జారవిడిచిన బంతితో పరుగు) కాపాడాయి. గోల్ లైన్ నుంచి ఒక్క గజం దూరంలో నిలబడి టెక్సస్ వెనక్కి పోయిన తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. స్కోరు 28-14 అని ఉంది కానీ ఆట అంత తేలిక కాదు.

ఫైనల్లో హోవర్డ్ మొదటి 13 పాస్‌లూ అందాయి. 31-7 ఆధిక్యం 31-23కి జారాక, థర్డ్ డౌన్‌లో ఇంకా 11 గజాలు కావలసినప్పుడు స్మిత్‌కు 50 గజాలు దాటిన పాస్ వేశారు. మిషిగన్ రోజున వేయని పాస్ ఇదే.

రికార్డింగులు చూసే తీరిక తక్కువైతే రోజ్ బౌల్ మొదటి సగం, టెక్సస్ ఆట చివరి 5 నిమిషాలు చాలు. కోచింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రం మిషిగన్ ఆట మొత్తం చూడండి, బంతిని వదిలి లైన్ మధ్యలో ముగ్గురిని గమనిస్తూ.